కుట్టు పొడవు ఎంత ఉండాలి?

పిల్లలూ! బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్ళన్నిటిలోనూ ఒకే సందడి. సామాను కట్టాలి, టి.సి. తెచ్చుకోవాలి, కొత్త ఊళ్ళో ఇల్లు వెతకాలి. ఈ హడావుడిలో మీరు పెరగడం మాత్రం ఆగదు. నిరుడు పాదాల దాకా వచ్చిన ప్యాంటు ఈ ఏడు మడమ పైకి లేస్తుంది. అందుకే ఏ ఊరు వెళ్ళినా మనం ముందుగా వెతికే మనుషుల్లో దర్జీ ఒకరు.

రాయపూర్ వచ్చాక మేము దేవేంద్ర నగర్‌లో ఉంటున్నాం. దగ్గరలోనే పండరి బట్టల బజారు. ఆ చుట్టుపక్కల ఏ సందులోకి వెళ్ళినా మోటారుతో నడిచే పెద్ద కుట్టు మిషన్ల చప్పుడు వినిపిస్తుంది. ఇక్కడ దర్జీని అందరూ మాస్టర్‌జీ అంటారు. మమ్మల్ని మీరు మాస్టారు అంటారు. కానీ ఈ విషయంలో అసలైన మాస్టారు ఆయనే. ఎందుకో చెబుతాం.

వార్షికోత్సవం నృత్యానికి పిల్లల పల్చటి జుబ్బాలు కుట్టాల్సి వచ్చింది. ఖర్చు తగ్గుతుందని, ఇంట్లో ఇలాంటి మిషన్ ఉన్న ఒకరి దగ్గర మేమే కూర్చుని కుట్టేశాం. మొదటి రిహార్సల్లో చేతులు పైకెత్తగానే ఒక పిల్లవాడి భుజం దగ్గర కుట్టు నోరు తెరిచింది. అందరూ నవ్వారు, వాడు మాత్రం నవ్వలేదు. కార్యక్రమానికి ఇంకా రెండే రోజులు. జుబ్బాలన్నీ పట్టుకుని మాస్టర్‌జీ దగ్గరికి పరుగెత్తాం. ఆయన కుట్టును వేలితో తడిమి, “దారం మంచిదే, గుడ్డ మంచిదే. నంబరు చూసుకోలేదు” అన్నారు. అంతకుముందు ఆ మిషన్ మీద ఎవరో మందపాటి గుడ్డ కుట్టి, నంబరు 4 మీద వదిలేశారట. మేము దానివైపు చూడనే లేదు.

ఆ నంబరు ఏమిటో చూద్దాం. సూది కింద, పలక సందుల్లోంచి చిన్న పళ్ళు కనిపిస్తాయి. వీటిని ఫీడ్ డాగ్ అంటారు. సూది గుడ్డలోంచి పైకి లేచాక ఈ పళ్ళు పైకి వచ్చి, గుడ్డను కొంచెం వెనక్కి జరిపి, కిందికి దిగి, మళ్ళీ మొదటి చోటికి వస్తాయి. ఒక్కసారికి గుడ్డ ఎంత జరిగిందో అదే కుట్టు పొడవు. అంటే కుట్టు పొడవును నిర్ణయించేది సూది కాదు, ఈ పళ్ళు. మిషన్ కుడివైపు ఉండే గుండ్రటి డయల్ మీది అంకెలు ఆ పొడవును మిల్లీమీటర్లలో చెబుతాయి. చాలా మిషన్ల మీద ఇవి 0 నుంచి 5 వరకు ఉంటాయి. 0 దగ్గర గుడ్డ కదలదు, దారం ఒకేచోట ముద్దకడుతుంది.

డయల్‌ను చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు నేరుగా తిప్పవచ్చు. పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు తిప్పేటప్పుడు మాత్రం, దాని దగ్గరే ఉండే రివర్స్ మీటను కొంచెం కిందికి నొక్కి పట్టుకుని తిప్పాలి. బిగుసుకుందని బలం ఉపయోగిస్తే లోపలి భాగాలు పాడవుతాయి. కాలితో తొక్కే పాత మిషన్లకు డయల్ బదులు మీట ఉంటుంది. దాన్ని మధ్య నుంచి కిందికి దించేకొద్దీ కుట్టు పొడవవుతుంది. పైకి లేపితే మిషన్ వెనక్కి కుడుతుంది.

ఏ గుడ్డకు ఎంత? పల్చటి గుడ్డకు సుమారు 2, చొక్కా గుడ్డకు 2.5, జీన్స్ లాంటి మందపాటి దానికి 3 లేదా 3.5. తర్వాత విప్పేయాల్సిన టాకాకు 4 లేదా 5. పొట్టి కుట్టు గట్టిగా ఉంటుంది కదా అని అన్నిటికీ అదే పెట్టకూడదు. పల్చటి గుడ్డ ముడుచుకుపోతుంది. తోలు మీద రంధ్రాలు మరీ దగ్గరైతే తోలు ఆ వరుసలోనే చిరుగుతుంది.

ఇక కొంచెం లెక్క. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు. కుట్టు 2.5 అయితే అంగుళానికి దాదాపు 10 కుట్లు, 4 అయితే 6 మాత్రమే. మా జుబ్బాల భుజాలు ఎందుకు విడిపోయాయో ఇప్పుడు మీకే తెలిసింది. నిమిషానికి 4,000 కుట్లు వేసే వేగంలో, 2.5 పొడవుతో, మిషన్ నిమిషానికి 10 మీటర్లు కుడుతుంది. తప్పు నంబరు పెడితే తప్పు కూడా అంతే వేగంగా సాగుతుంది!

డయల్ చెప్పిందే నమ్మవద్దు. మందపాటి గుడ్డ పళ్ళ మీద జారితే కుట్టు పొట్టిదవుతుంది. అందుకే అదే గుడ్డ ముక్కను రెండు పొరలుగా పెట్టి కుట్టి, 10 కుట్లను స్కేలుతో కొలవండి. 25 మిల్లీమీటర్లు వస్తే ఒక్కొక్కటి 2.5 అన్నమాట. ఇదంతా పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే చేయాలి. కొన్ని మోటార్లు స్విచ్ ఆపాక కూడా కొంతసేపు తిరుగుతాయి. అప్పుడు పెడల్ తొక్కితే సూది కదులుతుంది. కాబట్టి చప్పుడు పూర్తిగా ఆగాకే సూది దగ్గర చేయి పెట్టండి.

మాస్టర్‌జీ ఆ జుబ్బాలన్నీ విప్పి, నంబరు 2 పెట్టి, మొదలూ చివరా మూడు నాలుగు వెనక కుట్లు వేసి మళ్ళీ కుట్టారు. వేదిక మీద ఏ భుజమూ విడిపోలేదు. రిహార్సల్లో నవ్వని పిల్లవాడు ఆ రోజు ముందు వరుసలో నిలబడ్డాడు.

తర్వాత మా ఇంట్లో పిల్లల యూనిఫాం ప్యాంట్లు తీసుకుని వెళ్ళాం. అంచు మడత లోపల రెండంగుళాల గుడ్డ వదిలి, ఈసారి ఆయన డయల్‌ను 4 దగ్గర పెట్టారు. “మళ్ళీ బదిలీ అవుతుంది కదా. అప్పటికి పొడుగవుతారు. ఏ ఊరి దర్జీ అయినా గుడ్డ చిరగకుండా తేలిగ్గా విప్పగలగాలి” అన్నారు. జుబ్బాల్లో తప్పయిన నంబరే ఇక్కడ సరైనదైంది.

ఇంటికి వెళ్ళాక మీ యూనిఫాం అంచు తిరగేసి, ఒక అంగుళంలో ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. భుజం దగ్గరా లెక్కపెట్టండి. రెండూ ఒకటేనా, కాకపోతే ఎందుకు కాదో నోటుపుస్తకంలో రాసి, తెలుగు తరగతికి తీసుకురండి.