మందు డబ్బా ఒక బండిలో... తిండి మూట మరో బండిలో!

పట్నం వెళ్ళిన రైతు పత్తికి రెండు లీటర్ల పురుగుమందు, ఇంటికి ఉప్పూ పప్పూ, గేదెకు తవుడు కొంటాడు. అన్నీ ఒకే ట్రాలీ ఆటోలో వేస్తాడు. 'కిరాయి కలిసొస్తుంది, మూత బిగించే ఉందిగా, ఏముందిలే' అనుకుంటాడు. రైతు సోదరులు బాగా ఆలోచించాల్సింది ఇక్కడే.

కేరళలో ఏం జరిగింది?

1958లో పారాథియాన్ అనే పురుగుమందును తిండి సరుకులతో పాటు ఒకే ఓడలో పంపారు. దారిలో మందు కారి గోధుమపిండిలో కలిసింది. ఆ పిండితో చేసినవి తిని 100 మందికి పైగా చనిపోయారు. దీనిపై కేంద్ర ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. ఆ తర్వాత 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నియమాలు వచ్చాయి. పురుగుమందు తిండి గింజలకు గానీ, పశువుల దాణాకు గానీ తగిలేలా రవాణా చేయకూడదని, నిలవ ఉంచకూడదని ఆ నియమాలు చెబుతున్నాయి. పారాథియాన్ ఇప్పుడు మన దేశంలో నిషేధం. కానీ కారే గుణం ఏ మందుకైనా ఒకటే.

బండి మారే చోటే ప్రమాదం

మందు డబ్బా మన చేనుకు చేరేలోగా ఓడ, రైలు, లారీ, ఆటో, మోటారు సైకిలు ఇలా ఎన్నో బళ్ళు మారవచ్చు. మారిన ప్రతిసారీ దించాలి, మళ్ళీ ఎక్కించాలి. డబ్బా సొట్టపడేదీ, మూత వదులయ్యేదీ అప్పుడే. అందుకే ప్రమాదకర సరుకుకు దారి ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లు ఒక్కటే లెక్క కాదు. ఎన్నిసార్లు బండి మారాలి, దారిలో బజారు, బడి, మంచినీళ్ళ చెరువు ఉన్నాయా అన్నదీ చూడాలి. నాలుగు మైళ్ళు చుట్టయినా ఊరి బయట దారే మేలు.

ఓడకు, రైలుకు, లారీకి దేని నియమాలు దానికి ఉన్నాయి. ప్రమాదకర సరుకు మోసే లారీ డ్రైవరుకు ప్రత్యేక శిక్షణ ఉండాలని, లారీ మీద సరుకు పేరు, అత్యవసర ఫోన్ నంబరు రాసి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. కొట్టు నుంచి చేను దాకా ఉన్న చివరి దారి మాత్రం రైతు చేతిలోనే ఉంది.

చివరి దారిలో జాగ్రత్తలు

* నలుగురైదుగురు రైతులు కలిసి మందుకు ఒక బండి, కిరాణాకు, దాణాకు మరొకటి మాట్లాడుకోవాలి. పంచుకుంటే కిరాయి భారం కాదు.

* ఆ వీలు లేకపోతే ముందు తిండి సరుకు ఇంటికి చేర్చి, మందుకు మరోసారి వెళ్ళాలి. మందు కొన్నాక సంతలో, టీ కొట్టు దగ్గర ఆగకుండా నేరుగా రావాలి.

* మందును బస్సులో, రైలు పెట్టెలో, పిల్లలున్న బండిలో తీసుకెళ్ళకూడదు.

* కొట్టులోనే మూత, సీలు చూసుకోవాలి. డబ్బా తడిగా ఉన్నా, ఉబ్బినా తీసుకోవద్దు. లేబులు మీద ఎర్ర త్రికోణం ఉంటే అది అతి విషం.

* డబ్బాలను నిటారుగా నిలబెట్టి, కదలకుండా కట్టాలి. పైన బరువులు వేయకూడదు. మందును సీసాల్లోకి, కవర్లలోకి మార్చి తేకూడదు.

దారిలో కారితే?

బండి ఆపి జనాన్ని, పశువులను దూరంగా పంపాలి. కారిన చోట పొడిమట్టి గానీ రంపపు పొట్టు గానీ పోసి ఎత్తేయాలి. నీళ్ళు కొట్టి కాలువలోకి వదలకూడదు. వట్టి చేతులతో ముట్టుకోవద్దు. ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి సబ్బుతో బాగా కడగాలి. వాంతులు, చెమటలు, నోట్లో చొంగ, చూపు మసకబారడం కనిపిస్తే 108కి ఫోన్ చేయాలి. డబ్బా లేబులు డాక్టరుకు చూపించాలి.

మందు తగిలిన బియ్యం, పిండి, తవుడు ఏదైనా సరే వాడకూడదు. కడిగితే పోతుంది, ఉడికిస్తే పోతుంది అనుకోవద్దు. గొడ్లకూ, కోళ్ళకూ వేయొద్దు. బావులకు, చెరువులకు దూరంగా లోతుగా పాతిపెట్టాలి.

ఒక ఆటో కిరాయి మిగుల్చుకోవడానికి ఇంటిల్లిపాది ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దు. ఈసారి మందు కొనే ముందే తోటి రైతులతో మాట్లాడి, బండ్లు వేరుగా ఏర్పాటు చేసుకోండి.