పెంబర్తి ఇత్తడి... పసిడి కాంతి

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో జనగామకు కాస్త ముందు వస్తుంది పెంబర్తి. ఊళ్లో అడుగుపెడితే వినిపించేది సుత్తుల చప్పుడే. ధ్వజస్తంభాల తొడుగులు, దేవతామూర్తుల కవచాలు, మకర తోరణాలు... దూరం నుంచి చూస్తే బంగారమే అనిపిస్తాయి. అన్నీ ఇత్తడివే!

దేవుణ్ణి పసిడి కాంతుల్లో చూసుకోవాలన్న ఆశ మన ఒక్కరిదే కాదు. బుద్ధుడి 32 మహాపురుష లక్షణాల్లో బంగారు మేనిఛాయ ఒకటి. బౌద్ధం చైనా చేరాక అక్కడి శిల్పులు కంచు బుద్ధుడికి ఆ ఛాయ తేవడానికి ఏకంగా బంగారమే పూశారు. బంగారాన్ని పాదరసంతో కలిపి ముద్దచేసి, విగ్రహానికి పట్టించి వేడిచేసేవారు. పాదరసం ఆవిరైపోతే పసిడి పొర మిగిలేది. ఆ ఆవిరి పీల్చిన పనివాడి ఆరోగ్యానికి మాత్రం ముప్పే. తేదీ చెక్కి ఉన్న చైనా బుద్ధ విగ్రహాల్లో అతి పాతదైన క్రీ.శ. 338 నాటి మూర్తి కూడా ఇలా పూత పెట్టిందే. ఇప్పుడది శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆసియా కళల మ్యూజియంలో ఉంది.

ఓరుగల్లు సీమకూ కంచు బుద్ధుడు కొత్తకాదు. రామదాసు పుట్టిన నేలకొండపల్లి ఇప్పుడు ఖమ్మం జిల్లాలో ఉన్నా, 1953 దాకా వరంగల్ జిల్లాలోదే. అక్కడి తవ్వకాల్లో మహాస్తూపంతో పాటు కంచు బుద్ధుడూ బయటపడ్డాడు.

పెంబర్తి దారి వేరు. ఇక్కడ పోతపోసి పూత పూయరు. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క మీద అతికించి, ఉలితో సుత్తితో బొమ్మను ఉబ్బెత్తుగా తేలుస్తారు. కాకతీయుల కాలంలో గుళ్లకూ రథాలకూ అలంకారమైన విద్య ఇది. నిజాముల ఏలుబడిలో పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు చేస్తూ నిలదొక్కుకుంది. తర్వాత భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో కేంద్రం ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా పెంబర్తిని ఎంపిక చేసింది.

గుర్తింపు వచ్చినా దిగులు తీరలేదు. ఒక్కో బొమ్మకు రోజుల తరబడి కూర్చోవాలి. ఇత్తడి ధర చేతిలో ఉండదు. అందుకే పిల్లలు వేరే కొలువులు వెతుక్కుంటున్నారు.

బంగారు పూత వందల ఏళ్లయినా వన్నె తగ్గదు. ఇత్తడి అలా కాదు, పట్టించుకోకపోతే నల్లబడుతుంది. చింతపండుతో తోమితే మళ్లీ తళతళలాడుతుందని ప్రతి ఇంట్లోనూ తెలుసు. పెంబర్తి విద్య వన్నె తగ్గకుండా ఉండాలంటే మాత్రం చింతపండు చాలదు... సుత్తి పట్టే కొత్త చేతులు కావాలి.