రైలెక్కితే... రైలు కనపడదు!

క్రిస్మస్ సెలవులకి ఊటీ వెళ్లే కుటుంబాల్లో ఓ చిన్న తగువు తప్పదు. పొగబండి ఎక్కాలా... పొగబండిని ఫొటో తీయాలా? మొదటిసారి వెళ్లేవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. రైల్లో కూర్చున్నవాళ్లకి లోయ కనిపిస్తుంది, సొరంగం కనిపిస్తుంది, ఎదురుసీట్లో పిల్లాడి చేతిలోని చిప్స్ పొట్లం కూడా కనిపిస్తుంది. ఇంజిన్ మాత్రం కనిపించదు. ప్రత్యేక రైళ్లు వేసిన రోజుల సంగతి వదిలేస్తే, మెట్టుపాళయం నుంచి ఆవిరి ఇంజిన్‌తో కొండెక్కే బండి రోజుకి ఒక్కటే. అది చేజారితే మళ్లీ మర్నాడే!

అందుకే కెమెరా పిచ్చి ఉన్నవాళ్లు టిక్కెట్టు వదులుకోవాలి. అమ్మా పిల్లలూ రైల్లో, నాన్న కారులో... లేదా నాన్న రైల్లో, కాలేజీకెళ్లే కూతురు కారులో. ఎవరు ఎందులో అన్నది ఇంట్లో తేల్చుకోవాల్సిన విషయం.

తోసుకుపోయే ఇంజిన్

నీలగిరి రైలుది మీటర్‌గేజ్ దారి. పొడవు 46 కిలోమీటర్లు. సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తులోని మెట్టుపాళయంలో బయల్దేరి 2,203 మీటర్ల ఎత్తున్న ఉదగమండలం చేరుతుంది. ఈ దారి వేయాలన్న ఆలోచన 1854లోనే వచ్చినా పనులు మొదలైంది 1891లో, పూర్తయింది 1908లో. 16 సొరంగాలు, 208 మలుపులు, 250 వంతెనలు. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1998లో వచ్చిన మణిరత్నం ‘దిల్ సే’... అదే, మన ‘ప్రేమతో’... అందులో షారుక్ ఖాన్ రైలు పైకెక్కి ఆడింది ఈ దారిలోనే.

అసలు విశేషం కల్లార్ స్టేషన్ దగ్గర మొదలవుతుంది. అక్కడినుంచి కూనూరు దాకా ప్రతి పన్నెండున్నర అడుగులకీ దాదాపు అడుగు ఎత్తు ఎక్కాలి. మామూలు చక్రాలైతే జారిపోతాయి. అందుకని రెండు పట్టాల మధ్యన రంపంలాంటి పళ్లున్న కడ్డీలు వేశారు. ఇంజిన్ కిందున్న పళ్లచక్రం ఆ పళ్లను పట్టుకుంటూ పైకి పాకుతుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు రోమన్ ఆబ్ట్ కనిపెట్టిన పద్ధతి ఇది. మనదేశంలో ఇలాంటి రైలుమార్గం ఇదొక్కటే.

ఫొటోగ్రాఫర్‌కి తంటా తెచ్చేదీ ఇదే. కొండెక్కేటప్పుడు ఇంజిన్ ముందుండి లాగదు, వెనకనుంచి తోస్తుంది. బండి మలుపు తిరిగి రాగానే ఎదురుగా కనిపించేది పెట్టె, దాని ముందు జెండాతో నిల్చున్న బ్రేక్‌మన్. పొగలు కక్కుతూ దూసుకొచ్చే నల్లటి ఇంజిన్ కోసం కెమెరా పట్టుకుని కూర్చున్నవాళ్లు తెల్లబోతారు. ఈలోగా పెట్టెలన్నీ దాటిపోయి చివర్లో ఇంజిన్ వచ్చేసరికి చెట్టు అడ్డం! అలవాటైనవాళ్లు బండి ముందుభాగాన్ని పట్టించుకోరు. తోక ఎక్కడ కనిపిస్తుందో చూసుకుని నిలబడతారు. బండి మొత్తం విల్లులా వంగే మలుపు దొరికితే... అటు పెట్టెలు, ఇటు పొగ, మధ్యలో లోయ. ఆ ఒక్క ఫొటో కోసమే పొద్దున్నే దుప్పటి వదిలి రావడం.

బ్రేక్‌మన్‌నీ తక్కువ చేయకూడదు. ప్రతి పెట్టెకీ ఒకరుంటారు. ఇంజిన్ కూత విని, దాన్నిబట్టి చేత్తో బ్రేకు తిప్పుతారు. ఆ ముఖాల్లోని శ్రద్ధ కొన్నిసార్లు పొగకంటే మంచి ఫొటో అవుతుంది. అడిగి తీస్తే మర్యాద.

చలి చేసే మేలు

ఎండాకాలంలో తీస్తే పొగబండిలో పొగ పల్చగా ఉంటుంది. డిసెంబరులో అదే బండి మేఘాన్ని మోసుకొస్తుంది. కారణం చిన్నదే. నిజానికి ఆవిరి కంటికి కనపడదు. గొట్టంలోంచి బయటపడి చల్లబడి, సన్నటి నీటితుంపరలుగా మారినప్పుడే తెల్లగా కనిపిస్తుంది. గాలి ఎంత చల్లగా, తేమగా ఉంటే ఆ తెల్లదనం అంతసేపు నిలుస్తుంది. ఉదయం ఏటవాలు ఎండ వెనకనుంచి పడిందంటే ఆవిరి అంచులు వెలిగిపోతాయి.

కెమెరా ఇక్కడే మోసపోతుంది. నల్లటి ఇంజిన్‌ని చూసి వెలుగు పెంచేస్తుంది, తెల్లటి ఆవిరి సున్నం కొట్టినట్టవుతుంది. వెలుగు కాస్త తగ్గించి తీయడం మేలు. సెల్‌ఫోన్‌లోనూ తెరమీద వేలుతో ఆ పని చేయొచ్చు. వేగం గురించి బెంగక్కర్లేదు. పళ్లపట్టాల మీద బండి నడక గంటకి పదీ పదమూడు కిలోమీటర్లే!

ఆ నిదానమే కారులో వచ్చినవాళ్లకి వరం. ఉదయం 7.10కి మెట్టుపాళయంలో బయల్దేరిన బండి, 28 కిలోమీటర్ల దూరంలోని కూనూరు చేరడానికి మూడు గంటలు దాటుతుంది. దారిలో ఆగి నీళ్లు పట్టుకుంటుంది మరి. హిల్‌గ్రోవ్‌లో ఆగినప్పుడు ప్రయాణికులకి ఇంజిన్ దగ్గరికెళ్లే అవకాశం దొరుకుతుంది... చేతిలో తినుబండారం లేకపోతేనే. అక్కడి కోతులు ఊరుకోవు. కారుకైతే కూనూరుకి గంట, గంటన్నర. అంటే స్టేషన్‌లో బయల్దేరుతున్నప్పుడు ఒకటి, పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపుల ఘాట్‌రోడ్డులో లోయ అవతల పట్టాలు కనిపించేచోట ఒకటి, కూనూరు లెవెల్ క్రాసింగ్ దగ్గర ఒకటి... మూడు అవకాశాలు. కూనూరులో ఆవిరి ఇంజిన్ తప్పుకుంటుంది. ఊటీ దాకా డీజిల్ ఇంజిన్‌దే పని. అక్కడినుంచి పైకి వెంటపడటం దండగ.

మనదేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజిన్ల కాలం 1995తోనే ముగిసింది. కిటికీ పక్కన కూర్చుంటే బొగ్గునలుసు కంట్లో పడటం ఇప్పుడు తాతయ్యల జ్ఞాపకం. నీలగిరిలోనూ బొగ్గు చాలావరకు పోయి ఆయిల్ వచ్చింది. ఒకప్పుడు ఇంజిన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టుర్ నుంచి వచ్చేవి. తర్వాత తిరుచ్చిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాప్ అదే నమూనాలో కొత్తవి తయారుచేసింది. పాతవి కావని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. పిల్లలకి మాత్రం అదంతా పట్టదు. కూత వినిపిస్తే చాలు!

వాన వస్తే...

ఇంత సిద్ధపడి వెళ్లినా బండి నడుస్తుందన్న భరోసా లేదు. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నీలగిరిని తడిపేస్తాయి. కొండచరియలు విరిగి పట్టాల మీద పడితే, తొలగించేదాకా రైళ్లు రద్దు. ఒక్కోసారి రోజులు, ఒక్కోసారి వారాలు. పొగ అందంగా కనిపించే కాలమూ, రైలు ఆగిపోయే కాలమూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయి. బయల్దేరే ముందు రైల్వే ప్రకటన చూసుకోవాలి. పిల్లలకి ‘రైలెక్కిస్తా’ అని ఖాయంగా మాటివ్వకపోవడమే మంచిది.

అంతకంటే ముఖ్యమైనది మరోటుంది. మంచి ఫొటో కోసమని పట్టాల మీదకి, వంతెనల మీదకి వెళ్లేవాళ్లుంటారు. రైల్వే చట్టం ప్రకారం అది నేరం, ఆర్నెల్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. చట్టం సంగతి సరే... కల్లార్ పరిసరాలు ఏనుగులు తిరిగే చోటు. వంతెన మీద బండి ఎదురైతే పక్కకి తప్పుకునే జాగా ఉండదు. రోడ్డు, స్టేషన్ ప్లాట్‌ఫాం... ఈ రెండూ చాలు.

మధ్యాహ్నం రెండింటికి ఊటీ నుంచి తిరుగుబండి. కూనూరు నుంచి దిగేటప్పుడు ఆవిరి ఇంజిన్ ముందుంటుంది, పొద్దుట దొరకని ఫొటో అప్పుడు దొరుకుతుంది. కానీ దిగడానికి ఇంజిన్‌కి శ్రమ తక్కువ కాబట్టి పొగ అంతగా ఉండదు. ఇంజిన్ కావాలంటే సాయంత్రం, పొగ కావాలంటే ఉదయం!

క్రిస్మస్ వారానికి టిక్కెట్లు చాలా ముందే అయిపోతాయి. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు కోయంబత్తూరులో దిగి మెట్టుపాళయం చేరుకోవాలి. చెన్నై నుంచైతే నీలగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి నేరుగా అక్కడే దించుతుంది. కారులో వెళ్తే నీలగిరి జిల్లాకి 2024 మే నుంచి ఈ-పాస్ తప్పనిసరి చేశారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ముందే కనుక్కోండి. చల్లటి కారులోంచి కెమెరాని ఒక్కసారిగా వెచ్చటి, తేమగాలిలోకి తీస్తే అద్దానికి మంచు పట్టే ప్రమాదముంది. బండి రావడానికి పావుగంట ముందే సంచి తెరిచి పెట్టుకోండి.