స్టాటిక్, డైనమిక్ టైపింగ్ పద్ధతులు: తెలుగు పాఠ్యం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో దత్తాంశపు రకాన్ని ముందుగానే సరిచూడాలా, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు సరిచూడాలా అన్నది చిరకాలంగా సాగుతున్న చర్చ. 'పరకాల' అనే ఊరిపేరును కంప్యూటర్ నిల్వచేసే తీరు ఆధారంగా ఈ రెండు పద్ధతుల లాభనష్టాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్టాటిక్ టైపింగ్, డైనమిక్ టైపింగ్, యూనికోడ్, జావా, పైథాన్.

1. ఉపోద్ఘాతం

ఈ రెండు మార్గాలూ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ సంప్రదాయంలో తొలినాళ్ల నుంచే ఉన్నాయి. నార్వేలో ఓలే-యోహాన్ దాల్, క్రిస్టెన్ నీగార్డ్ రూపొందించిన సిములా 67లో చరరాశుల రకాలను ముందుగా ప్రకటించాలి. 1970లలో జెరాక్స్ పార్క్‌లో అలన్ కే బృందం నిర్మించిన స్మాల్‌టాక్‌లో మాత్రం, ఒక ఆబ్జెక్ట్‌కు పంపిన సందేశం దానికి తెలుసో లేదో ప్రోగ్రామ్ నడిచేటప్పుడే తేలుతుంది. సీ++, జావా మొదటి మార్గాన్నీ, పైథాన్, రూబీ రెండవ మార్గాన్నీ అనుసరించాయి.

2. ఒక పేరు, మూడు కొలతలు

ఉమ్మడి వరంగల్ జిల్లాకు చెందిన 'పరకాల' పేరును పాఠకులు 4 అక్షరాలుగా లెక్కిస్తారు. యూనికోడ్‌లో అది 5 సంకేతాలు: ప, ర, క, దీర్ఘపు గుర్తు, ల. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున మొత్తం 15 బైట్లు. ఆంగ్ల లిపిలోని పేర్లకు ఈ మూడు కొలతలూ ఒకటే కావడం వల్ల మరుగునపడిన భేదం తెలుగులో బయటపడుతుంది.

3. డైనమిక్ పద్ధతి

రకాల ప్రకటనలు లేనందున ఇందులో ప్రోగ్రామ్ చిన్నదవుతుంది. అవసరమైన మెథడ్ ఉన్న ఏ ఆబ్జెక్ట్‌నైనా, దాని వంశక్రమంతో నిమిత్తం లేకుండా వాడుకోవచ్చు. ప్రయోగాలకు ఇది అనుకూలం.

అయితే పైథాన్ 2లో బైట్లను యూనికోడ్ పాఠ్యంతో కలిపితే, ఆ బైట్లను ఆస్కీగా భావించి భాషే మార్చుకునేది. ఆంగ్ల పేర్లతో పరీక్షించినంతకాలం ప్రోగ్రామ్ సజావుగా నడిచేది. బైట్ల రూపంలో 'పరకాల' చేరినప్పుడు ఆగిపోయేది. దోషం చేసినది ప్రోగ్రామర్, నష్టపోయినది తెలుగులో పేరు నమోదుచేసిన వ్యక్తి.

2008లో వచ్చిన పైథాన్ 3 ఈ మార్పిడిని తొలగించింది. డైనమిక్ భాషగానే ఉంటూ, బైట్లను పాఠ్యంతో కలపబోతే దత్తాంశం ఏ భాషదైనా దోషాన్ని చూపుతుంది. కనుక పాత లోపానికి మూలం డైనమిక్ స్వభావం ఒక్కటే కాదు, రకాల మధ్య మౌనంగా జరిగిన మార్పిడి కూడా. అయినా ఆ వాక్యం అమలయ్యేదాకా దోషం కనబడదన్న పరిమితి మిగిలే ఉంది.

4. స్టాటిక్ పద్ధతి

జావాలో పాఠ్యాన్ని కోరే మెథడ్‌కు బైట్ల అర్రేను ఇస్తే కంపైలర్ తిరస్కరిస్తుంది. అరుదుగా అమలయ్యే భాగంలోని ఇటువంటి దోషం కూడా ముందే దొరుకుతుంది. కాని కూడిక గుర్తుతో పాఠ్యానికి అదే అర్రేను జోడిస్తే కంపైలర్ అంగీకరిస్తుంది. ఊరిపేరుకు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి.

మరొక పరిమితి ఇంకా సూక్ష్మమైనది. 'పరకాల' పొడవు జావాలోనూ, పైథాన్ 3లోనూ 5గానే వస్తుంది. 3 అక్షరాలు కావాలనుకుని మొదటి 3 సంకేతాలను తీసుకుంటే 'పరకా' రాదు, 'పరక' వస్తుంది. అక్షరసంఖ్య, సంకేతసంఖ్య రెండూ పూర్ణాంకాలే కాబట్టి కంపైలర్‌కు తప్పు తెలియదు. వాటిని వేర్వేరు క్లాసులుగా నిర్వచిస్తే జావా కంపైలర్ ఈ పొరపాటును ఆపగలదు. అందుకు మూల్యం అదనపు కోడ్, మార్పిడి మెథడ్‌ల భారం.

5. మధ్యేమార్గం

2012లో వెలువడిన టైప్‌స్క్రిప్ట్, 2015లో పైథాన్ 3.5తో వచ్చిన టైప్ హింట్లు ఈ రెండు పద్ధతులను సమన్వయపరచాయి. పైథాన్‌లో ఈ సూచనలు ప్రోగ్రామ్ నడకను మార్చవు. మైపై వంటి సాధనం వాటిని విడిగా సరిచూస్తుంది. అవసరమైన భాగాలకే ప్రకటనలు చేర్చే వెసులుబాటు ఇందులోని ప్రయోజనం.

6. ముగింపు

స్టాటిక్ పద్ధతి దోషాన్ని ముందుకు జరుపుతుంది, డైనమిక్ పద్ధతి రచనావేగాన్ని పెంచుతుంది. ప్రోగ్రామర్ గుర్తించని భేదాన్ని మాత్రం ఏ పద్ధతీ తనంతట కనిపెట్టలేదు. కొద్దిరోజుల ప్రయోగానికి డైనమిక్ పద్ధతి చాలు. ఏళ్లతరబడి వ్యక్తుల, ఊర్ల పేర్లను భద్రపరచే వ్యవస్థలకు రకాల ప్రకటన అవసరం; దానితోపాటు తెలుగు దత్తాంశంతో పరీక్ష కూడా అంతే అవసరం.