జవాబు చెప్పే యాంప్లిఫయర్

మహాశివరాత్రి నాడు జనగామ జిల్లా పాలకుర్తిలో సోమేశ్వరుడి గుట్ట, మహబూబాబాద్ జిల్లా కురవిలో వీరభద్రస్వామి గుడి, భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో గోదావరి ఒడ్డు భక్తులతో నిండిపోతాయి. ఇలాంటి చోట మైకు ఉన్నది పాటల కోసమే కాదు. తప్పిపోయిన పిల్లవాడి ఆనవాళ్లు చెప్పాలన్నా, తోపులాట జరగకుండా జనాన్ని మళ్లించాలన్నా అదే దిక్కు. మరి మైకులో చెప్పిన మాట చివరి స్తంభం మీది హారన్‌లో వినిపిస్తోందా లేదా? మామూలు మైక్ సెట్‌లో ఇది తేలాలంటే ఎవరో ఒకరు అక్కడిదాకా నడిచివెళ్లి వినాల్సిందే. ఆ సంగతి యాంప్లిఫయరే చెప్పే రోజు రావడం వెనుక పెద్ద కథే ఉంది.

ఆ కథ కంప్యూటర్లతో మొదలైంది. 1973 మే 22న అమెరికాలోని జెరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో బాబ్ మెట్‌కాఫ్ ఒక మెమో రాశాడు. కంప్యూటర్లన్నీ ఒకే కేబుల్‌ను పంచుకునే ఆ ఏర్పాటుకు ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి అతను నిర్మించిన తొలి నెట్‌వర్క్ వేగం సెకనుకు 29.4 లక్షల బిట్లు. సమాచారం ప్యాకెట్లుగా విడిపోయి, ఒక్కో ప్యాకెట్ తన చిరునామాతో బయల్దేరుతుంది.

కంప్యూటర్ పంపిన ఉత్తరం అచ్చు కావడం ఒక క్షణం ఆలస్యమైనా పర్వాలేదు. గొంతు అలా ఆగలేదు. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కో నమూనాకు 24 బిట్లు చొప్పున ఒక్క చానల్‌కే 11.52 లక్షల బిట్లు ఎడతెగకుండా అందాలి. 1996లో కొలరాడోకు చెందిన పీక్ ఆడియో సంస్థ కోబ్రానెట్ అనే పద్ధతితో ఈథర్‌నెట్ మీద దీన్ని సాధించింది. దాని తొలి శాశ్వత ఏర్పాటు డిస్నీ వారి యానిమల్ కింగ్‌డమ్ పార్కులో జరిగింది. 2006లో సిడ్నీలో పుట్టిన ఆడినేట్ సంస్థ తెచ్చిన ఇలాంటి పద్ధతే డాంటే. ఆ తర్వాత సౌండ్ రంగంలో అది అందరికీ తెలిసిన పేరైంది.

ధ్వనిని మోసుకెళ్లే ఈ కేబుల్ మీదే యాంప్లిఫయర్‌కు ఆజ్ఞలు వెళ్తాయి, దాని నుంచి కబుర్లు తిరిగొస్తాయి. ఆలస్యంగా వచ్చిన ధ్వని ప్యాకెట్ ఎందుకూ పనికిరాదు, దాన్ని వదిలేస్తారు. ‘వాల్యూమ్ 6 డెసిబెల్స్ తగ్గించు’ అనే ఆజ్ఞ మాత్రం చేరి తీరాలి. అందుకే అది రిజిస్టర్డ్ పోస్టులా రసీదుతో నడుస్తుంది.

అయితే ఆజ్ఞ కంటే విలువైనది తిరిగొచ్చే కబురే. ఒక యాంప్లిఫయర్‌కు 8 ఓమ్‌ల స్పీకర్ బాక్సులు రెండింటిని సమాంతరంగా కలిపితే అది సుమారు 4 ఓమ్‌ల లోడు చూస్తుంది. ఒక బాక్సు వైరు తెగితే ఆ అంకె 8కి చేరుతుంది. వందల మీటర్ల దూరంలో ఉన్న ఆపరేటర్ తన ట్యాబ్లెట్‌లో ఆ ఒక్క అంకె చూసి ఏ లైను పోయిందో పట్టేస్తాడు. వేడి పెరిగినా, శబ్దం పగులుతున్నా అలాగే తెలుస్తుంది. పరికరాలు నిర్ణీత వ్యవధిలో ‘ఉన్నాను’ అని సంకేతం పంపుతుంటాయి. ఆ సంకేతం ఆగిందంటే పరికరమో, కేబులో దెబ్బతిన్నట్టే. అగ్నిప్రమాదాల్లో గొంతుతో హెచ్చరించే వ్యవస్థలకైతే యూరప్‌లో ఇది నియమమే: లోపాన్ని 100 సెకన్లలోపు చూపాలని ఈఎన్ 54-16 ప్రమాణం చెబుతోంది.

చిక్కల్లా భాషతోనే వచ్చింది. 1980 దశకంలోనే క్రౌన్ సంస్థ ఐక్యూ సిస్టంతో యాంప్లిఫయర్లను కంప్యూటర్ నుంచి నడిపించింది. కానీ ఒక కంపెనీ యాంప్లిఫయర్ మాట మరో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యేది కాదు. అందరికీ ఒకే భాష కోసం ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ 1990 దశకంలో చేసిన ఏఈఎస్24 ప్రయత్నం నిలబడలేదు. 2011లో కొన్ని కంపెనీలు చేతులు కలిపి ఓసీఏ అలయన్స్‌గా ఏర్పడ్డాయి. వారి కృషే 2016లో ఏఈఎస్70 ప్రమాణంగా వెలువడింది. ఇది ధ్వనిని మోయదు, పరికరాల అదుపు, ఆరా మాత్రమే చూస్తుంది. ఎవరైనా చదివి వాడుకోవచ్చు.

ఇది మన జాతరలకూ పనికొచ్చే సంగతే. రాగి ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్లకు మించి పోదు. అంతకంటే దూరానికి ఫైబర్ వేయాలి, స్విచ్‌లకు యూపీఎస్ పెట్టాలి, ఈ నెట్‌వర్క్‌ను బయటి ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాలి. ఇవన్నీ మన ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు నేర్చుకోగల పనులే. గుడి దగ్గర శాశ్వతంగా సౌండ్ సిస్టం పెట్టేటప్పుడు టెండర్‌లో రెండు షరతులు రాయాలి. లోపాన్ని పరికరమే చెప్పాలి. అది చెప్పే భాష ఒక్క కంపెనీ సొత్తు కాకూడదు.