విలుకాడు విల్లును ఎందుకు వాలుస్తాడు?

గురి చూసే పరికరమేదీ లేని సంప్రదాయ విల్లును ఎక్కుపెట్టేటప్పుడు కుడిచేతివాటం విలుకాడు దాని పై కొనను కొద్దిగా కుడివైపునకు ఒరిగిస్తాడు. అలా ఒరిగించడం వల్ల పిడికి ఎడమపక్కనున్న చిన్న గట్టుమీద బాణం తన బరువుతోనే కుదురుకుంటుంది. పైగా వింటిబద్ద చూపునకు అడ్డు తొలగి లక్ష్యం తేటగా కనిపిస్తుంది.

అయితే విల్లుతోపాటు తల, నడుము పైభాగం కూడా తగినంత వాలితేనే కన్ను బాణానికి నేరుగా పైన నిలుస్తుంది. తల నిటారుగా ఉండి విల్లు మాత్రమే వాలితే, నారిని లాగిన చేయి చెంపకు ఆనే చోటు మారిపోయి, కన్ను బాణపు వరుస నుంచి పక్కకు తప్పే ప్రమాదముంది. ఒక బాణానికి ఎక్కువగా, మరో బాణానికి తక్కువగా వాల్చేవారి గురి నిలకడగా ఉండకపోవడానికి, చేతి బలం ఎంత ఉన్నా, ఇదొక ముఖ్య కారణం.

గురి చూసే పరికరమున్న ఒలింపిక్ విల్లు సంగతి వేరు. దూరాన్ని అందుకోవడానికి బాణం చూపురేఖకన్నా కాస్త పైకి ఎత్తి ఉంటుంది కనుక, గురిబిందువును నిటారు విల్లుకు సరిచేసుకున్న క్రీడాకారుడు విల్లును కుడికి వాలిస్తే ఆ ఎత్తులో కొంత పక్కకు మళ్లి, బాణం కుడివైపున, కొంచెం కిందుగా దిగుతుంది. జపాన్ విలువిద్య అయిన క్యూడోలో రెండు మీటర్లు దాటిన విల్లుకు బాణాన్ని కుడిపక్కన ఉంచుతారు; ఆ విల్లునూ దాదాపు నిటారుగానే పట్టుకుంటారు.