తుప్పు బోల్టుకు జింకు పూత

పాత యెజ్డీనో బుల్లెట్‌నో విప్పి మళ్లీ రోడ్డెక్కించే సరదా ఉన్నవాళ్లను ఇంజిన్ కన్నా ఎక్కువ విసిగించేవి బోల్టులు. ట్యాంకుకు రంగు వేయించవచ్చు, సీటు కుట్టించవచ్చు. గుప్పెడు తుప్పు బోల్టుల కోసం ప్లేటింగ్ షాపు చుట్టూ తిరగాలంటేనే బద్ధకం. అందుకే కొందరు ఆ పని ఇంట్లోనే మొదలుపెడతారు.

సరంజామా కొంచెమే. ప్లాస్టిక్ డబ్బా, వంటింటి వెనిగర్, అందులో కలిపే ఎప్సం సాల్టు, ఒక జింకు రేకు, కరెంటు పెంచి తగ్గించుకునే వీలున్న డీసీ పవర్ సప్లై. రేకుకు ప్లస్ తీగ, బోల్టుకు మైనస్ తీగ. తారుమారైతే బోల్టే కరగడం మొదలవుతుంది. సరిగా తగిలిస్తే రేకులోని జింకు ద్రావణంలోకి దిగి, అక్కణ్ణుంచి బోల్టు మీదికి చేరుతుంది. ఇత్తడి గిన్నెకు కళాయి వేసేటప్పుడు తగరాన్ని నిప్పు మీద కరిగించాలి. ఇక్కడ నిప్పుతో పనిలేదు. మచిలీపట్నం చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు బంగారు పూత పట్టించేదీ కరెంటే.

అసలు కష్టం స్విచ్ వేయకముందు ఉంటుంది. తుప్పంతా వైరు బ్రష్‌తో రాలగొట్టాలి, గ్రీజు జాడ లేకుండా డిటర్జెంట్‌తో కడగాలి. శుభ్రపడిందో లేదో నీళ్లే చెబుతాయి. బోల్టు మీద పొరలా పరుచుకుంటే సరే, తామరాకు మీదలా బొట్లు కట్టాయంటే జిడ్డు ఇంకా ఉన్నట్టే. ఆ తర్వాత వేలు తగిలినా మళ్లీ మొదటికే. పూత పెచ్చులూడిందని ద్రావణాన్ని తిట్టుకునేవాళ్లలో చాలామంది ఈ కడుగుడు దగ్గరే తొందరపడి ఉంటారు.

ఎంత కరెంటు ఎంతసేపు పారితే అంత లోహం చేరుతుందని 1830లలో మైకేల్ ఫారడే తేల్చాడు. ఆ లెక్కన ఒక ఆంపియర్ గంటసేపు పారితే సుమారు 1.2 గ్రాముల జింకు దిగాలి. వంద చదరపు సెంటీమీటర్ల మీద పరిస్తే అది 17 మైక్రాన్ల పొర. కొంత కరెంటు హైడ్రోజన్ బుడగలకు పోతుంది కాబట్టి చేతికి వచ్చేది ఇంకాస్త తక్కువే. వేలెడంత బోల్టుకు పావు ఆంపియర్ దాటనక్కర్లేదు. త్వరగా అవుతుందని పెంచితే నల్లటి పొడి పేరుకుని, రుద్దగానే రాలిపోతుంది. సరిగా పడిన పూత బూడిద రంగులో ఉండి మొదట నిరాశపరుస్తుంది, సన్నటి స్టీల్ ఊలుతో రుద్దితే మెరుస్తుంది. దాని మీద చిన్న గీత పడినా ఫరవాలేదు. ఇనుముకన్నా ముందు జింకే కరిగిపోతూ బోల్టును కాపాడుతుంది.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. తల మీద 10.9, 12.9 అని అచ్చు ఉండే గట్టి బోల్టుల్లోకి హైడ్రోజన్ దూరితే అవి పెళుసెక్కి, బిగించాక విరగవచ్చు. బ్రేకు, ఇరుసు బోల్టుల జోలికి పోకపోవడమే మంచిది. క్రోమియం పూత ఆలోచన అసలే వద్దు, అందులో వాడే హెక్సావలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. జింకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క వేసినా అదే విషం పుట్టే ప్రమాదం ఉంది.

పని చేసేచోట గాలి ఆడాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. జింకు చేపలకు విషం కాబట్టి ద్రావణాన్ని కాలువలో పారబోయకూడదు. వడకట్టి దాస్తే మళ్లీ మళ్లీ పనికొస్తుంది. సీసా మీద పేరు రాసి తాళం వేసి ఉంచండి. ఆ వెనిగర్ ఇక వంటింట్లోకి తిరిగి వెళ్లకూడదు.